పేరు నేల మీదా, గోడ మీదా?

ఊరి ప్రముఖుల పేర్లు ఒక వీధిలో నిలపాలనుకున్నప్పుడు మొదటి పేచీ ఇదే.

చోటు: నేలైతే వీధి పొడవునా పేర్లు చేర్చుకుంటూ పోవచ్చు. హాలీవుడ్ కాలిబాటలో ప్రముఖుల పేర్లున్న నక్షత్రపు ఫలకాలు 2,700కు పైగా అలాగే చేరాయి. గోడకైతే ఆ మనిషి ఉన్న ఇల్లో, పనిచేసిన చోటో ఇంకా నిలిచి ఉండాలి. 1866లో మొదలైన లండన్ నీలి ఫలకాల పద్ధతి ఇదే.

అనుమతి: నేలకు నగరపాలక సంస్థ. గోడకు ఇంటి ఓనరు. రెండోదే కష్టం.

మన్నిక: అసలు తేడా ఇక్కడే. కాళ్ల రాపిడికి అక్షరాలు అరుగుతాయి. అంచు కాస్త లేచినా ఎవరో తట్టుకుంటారు, వానలో నున్నటి లోహం జారుతుంది. పైపులైను కోసం తవ్వారంటే ఫలకం తీసి మళ్లీ పొదగాలి. ఆ ఖర్చు బడ్జెట్‌లో ఎవరూ రాయరు. గోడ ఫలకానికి ఈ టెన్షన్ లేదు, కానీ తలెత్తి చూసేవాళ్లు తక్కువ.

మర్యాద: తన పేరును జనం తొక్కుతూ నడవడం బాక్సర్ ముహమ్మద్ అలీకి ఇష్టం లేదు. అందుకే హాలీవుడ్‌లో ఆయన నక్షత్రం గోడ మీద ఉంది.

రిస్క్: బతికున్నవాళ్ల పేరు చెక్కాక వివాదం వస్తే తొలగించడం పెద్ద గొడవ. లండన్ నీలి ఫలకానికి ఆ మనిషి చనిపోయి 20 ఏళ్లు దాటాలి. ఎక్కడ పెట్టినా ఈ నియమం అరువు తెచ్చుకోవడం మంచిది.

పాత ఇళ్లు మిగిలిన వీధికి గోడే నయం. ఇళ్లన్నీ పడగొట్టి కట్టిన బజారులో, కాలిబాట వెడల్పుగా ఉంటే, నేల. ఇరుకు కాలిబాటైతే మాత్రం ఆ ఆలోచనే వద్దు.