‘నూరు శాతం దూది’ అన్న మాట నమ్మి నిప్పు ఉండలు చేసుకునేవారికి హెచ్చరిక

అడవి అంచుల్లో గుడారం వేసుకునే అలవాటు ఉండి, మంట రాజేసుకోవడానికి దూదికి వాజలీను పట్టించి నిప్పు ఉండలు ఇంట్లోనే చేసుకునే మిత్రులు, దూది కొనేముందు దయచేసి ఇది చదవండి.

నేను ఆన్‌లైన్‌లో ‘నూరు శాతం స్వచ్ఛమైన దూది’ అని రాసి ఉన్న చుట్టను, మందుల దుకాణం ధరలో సగానికే వస్తోందని తెప్పించుకున్నాను. వేడినీటి గిన్నెలో కరిగించిన వాజలీను పట్టించి 30 ఉండలు చేసి, రేకు డబ్బాలో సర్దుకుని, డిసెంబరులో లంబసింగి దగ్గర ఒక కాఫీ తోటలో యజమాని అనుమతితో విడిది చేశాం. తెల్లవారుజామున మంచుకు పుల్లలన్నీ తడిసిపోయాయి. ఉండను పీచుగా విడదీసి ఫెర్రో రాడ్‌ను (గీస్తే నిప్పురవ్వలు రాల్చే లోహపు కడ్డీని) ఎంతసేపు గీసినా, రవ్వలు పడిన చోట చిన్న చిల్లులు పడ్డాయే తప్ప నిప్పు రాజుకోలేదు. చివరకు అగ్గిపుల్లతో అంటిస్తే మంట లేచింది గాని, ఉండ ముడుచుకుపోయి నల్లగా కరిగి కారసాగింది. ఆ చుక్క ఒకటి మా తమ్ముడి చూపుడువేలికి అంటుకుని బొబ్బ లేచింది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించినది అదే.

అది దూది కాదు, చాలావరకు పాలియెస్టరు. పత్తి పీచు కరగదు, రవ్వను పట్టుకుని కాలుతుంది. చెకుముకి సంచిలో మన పెద్దలు రాయి, ఉక్కుముక్కలతో పాటు దూదిని ఉంచుకున్నది అందుకే. పాలియెస్టరు సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి, చర్మానికి అతుక్కుని కాలుస్తుంది.

కొన్న ప్రతి చుట్టనూ వాజలీను పట్టించకముందే పరీక్షించండి. చిటికెడు పీచును పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్లెం మీద వెలిగించండి. కాగితం కాలిన వాసన వచ్చి, మెత్తటి బూడిద మిగిలితే అది పత్తి. ముడుచుకుని గట్టి నల్లపూసలా మిగిలితే వాడకండి. అలంకరణ సామగ్రిలో అమ్మే దూది ఉండలను కూడా ఇలా చూడనిదే నమ్మవద్దు. మందుల దుకాణంలో దొరికే సర్జికల్ దూదికి ఇప్పుడు నేను మారాను, అది ఒక్క గీతకే అంటుకుంటోంది.

చుట్ట విప్పారు కాబట్టి డబ్బు తిరిగి ఇవ్వలేమని విక్రేత జవాబిచ్చారు. ప్యాకెట్టు అడుగున కంటికి ఆనని అక్షరాలలో ‘మిశ్రమ పీచు’ అని ఉందని అప్పుడే గమనించాను. ఆ ప్యాకెట్టును, బిల్లును, కాలిన పూసల ఫోటోలను భద్రపరచి, జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫిర్యాదు చేశాను.