క్లింగాన్లు, రోములన్లు, కార్డాసియన్లు: ఏ నవల మేలు?

అమెరికన్ సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్ స్టార్ ట్రెక్‌లో గ్రహాంతర జాతులకు తెర మీద దొరికే సమయం చాలా తక్కువ. 1967లో క్లింగాన్లు తొలిసారి కనిపించినప్పుడు వాళ్ళు శత్రువులు, అంతే. వాళ్ళ పిల్లలు ఏ ఆట ఆడతారో, పెద్దవాళ్ళు దేనికి సిగ్గుపడతారో చెప్పే తీరిక ఆ సిరీస్‌కి లేదు. ఆ పని నవలలు చేశాయి. వాటిలో నేను మళ్ళీ మళ్ళీ తీసేవి మూడు: జాన్ ఎం. ఫోర్డ్ రాసిన 'ది ఫైనల్ రిఫ్లెక్షన్' (1984), డయాన్ డ్యువేన్, పీటర్ మార్వుడ్ కలిసి రాసిన 'ది రోములన్ వే' (1987), ఆండ్రూ రాబిన్సన్ రాసిన 'ఎ స్టిచ్ ఇన్ టైమ్' (2000). ఒక్కటే చదవాలంటే ఏది? కథ ఎవరి కళ్ళతో నడుస్తోందో చూసి నేను తేల్చుకుంటాను.

సమాచారం ఎక్కువ కావాలంటే రోములన్ నవలే. ఒక అధ్యాయం కథ, తరువాతిది చరిత్ర. వల్కన్ గ్రహపు తత్వవేత్త సురాక్ బోధ ఒప్పుకోని రోములన్ల పూర్వీకులు ఆ గ్రహం వదిలి ఓడలెక్కడం, పాత మాటలతో తెగతెంపులు చేసుకోవడానికి కొత్త భాషనే కట్టుకోవడం, తమను తాము రిహన్సు అని పిలుచుకోవడం, ఈ అధ్యాయాలు అద్భుతంగా ఉంటాయి. కథలో మాత్రం మనల్ని నడిపించేది ఫెడరేషన్ (మనుషులూ ఉన్న గ్రహాల కూటమి) గూఢచారి. రోములన్ ఇంట్లో పనిమనిషిగా బతుకుతూ అంతా గమనిస్తుంది. ఆమెకు అర్థమైంది మనకు వివరంగా చెబుతుంది, కానీ అందువల్లే మనం ఆ ఇంట్లో అతిథులుగానే మిగిలిపోతాం.

రాబిన్సన్ డీప్ స్పేస్ నైన్ అనే స్టార్ ట్రెక్ సిరీస్‌లో గారక్ అనే కార్డాసియన్ వేషం వేసిన నటుడే. ఆ పాత్ర గొంతుతో రాసుకున్న డైరీ నుంచి ఈ నవల పుట్టింది. యుద్ధంలో శిథిలమైన కార్డాసియా నుంచి గారక్ తన స్నేహితుడు డాక్టర్ బషీర్‌కు రాసే ఉత్తరమిది. చిన్నప్పటి బడి, తనను పెంచిన తోటమాలి, గూఢచారిగా చేసిన పనులు, ఇప్పుడు ఎత్తుతున్న రాళ్ళు, అన్నీ ఆ ఉత్తరంలోనే. సిరీస్ నిండా అబద్ధాలాడిన మనిషి ఇక్కడ నిజం చెబుతున్నాడా అని ప్రతి పేజీలో అనుమానం వస్తుంది, ఆ అనుమానమే ఈ పుస్తకానికి బలం. మూడింట్లో నా గుండెను పిండింది ఇదే. అయితే డీప్ స్పేస్ నైన్ చూడనివాళ్ళకు సగమే అందుతుంది.

అయినా నా ఓటు ఫోర్డ్‌కే. కథ నడిచేది క్లింగాన్ కళ్ళతో. వ్రెన్ అనే అనాథ పిల్లవాడు క్లిన్ ఝా అనే ఆటలో పావు. చెక్క పావు కాదు, త్రికోణాల బల్ల మీద ప్రాణంతో నిలబడి పోరాడే పావు. ఆ ఆట చూసి కెథాస్ అనే థాట్ అడ్మిరల్ (వ్యూహాలు పన్నే సేనాని) అతన్ని పెంచుకుంటాడు. ఈ ఆటలో ఇంకో రకం ఉంది: ఇద్దరు ఆటగాళ్ళకూ కలిపి ఒకే జత పావులు. నేను ఇప్పుడు కదిపిన పావునే నువ్వు నా మీదికి తిప్పుతావు. ఆ సామ్రాజ్యంలో రాజకీయం ఎలా నడుస్తుందో దీంతో తెలిసిపోతుంది, ఎవరూ ఉపన్యాసం చెప్పక్కర్లేదు. కొమెరెక్స్ అంటే పెరిగే నిర్మాణం, ఖెస్టెరెక్స్ అంటే చచ్చే నిర్మాణం. కొన్ని అధ్యాయాలయ్యేసరికి మనమూ ప్రతిదాన్నీ ఆ రెండు మాటలతోనే కొలుస్తుంటాం. హీరో భూమికి వచ్చినప్పుడు వింతగా కనిపించేది మనుషులే. మిగతా రెండు నవలలూ ఇంత దూరం తీసుకెళ్ళలేదు.

లోపాలూ చెప్పాలి. ఫోర్డ్ చాలా విషయాలు చెప్పకుండా వదిలేస్తాడు, మొదటిసారి చదివితే ఎవరు ఎవరికి ద్రోహం చేశారో తికమక తప్పదు. పైగా 1987 నుంచి వచ్చిన సిరీస్‌లలో క్లింగాన్లు వేరే దారి పట్టారు. వాటిలోని క్లింగాన్ పాత్ర వోర్ఫ్‌ను చూసి పెరిగినవాళ్ళకు ఈ ఎత్తుగడల క్లింగాన్లు కొత్తగా ఉంటారు. తెర మీదికి ఎక్కలేదు కాబట్టి ఇవి చెల్లవు అనేవాళ్ళతో నేను ఏకీభవించను. ఆ జాతి గురించి తెర ఇంకా పెద్దగా ఏమీ చెప్పకముందు రాశాడు కాబట్టే ఫోర్డ్‌కు ఇంత స్వేచ్ఛ దొరికింది.

కాబట్టి గారక్ మీకు ముందే తెలిసినవాడైతే రాబిన్సన్‌తో మొదలుపెట్టండి. లేదంటే ఫోర్డ్‌నే తీసుకుని, ఆట జరిగే పేజీలు నెమ్మదిగా చదవండి. రోములన్ నవల దొరికితే, ఒకసారి మామూలుగా పూర్తిచేశాక, చరిత్ర అధ్యాయాలు మాత్రం వరసగా ఇంకోసారి చదవండి.