ముసురులో కొన్న డ్రైయరు: ఏడాది వాడాక

కార్తీకమాసం ముసురు పట్టిందంటే మా కావలిలో మిద్దె మీద ఏదీ ఎండదు. నిరుడు అట్లాంటి ముసురులోనే రెండు కిలోల మొలకెత్తిన రాగులు ఆరక పుల్లవాసన కొట్టాయి. అప్పటికి మనవడికి ఏడో నెల. అన్నప్రాశన అయింది, జావ మొదలుపెట్టాలి. ఆ రాగుల్ని ఎదురింటి గేదెకు పెట్టేసి, ఆ రాత్రే పది ట్రేల కరెంటు డ్రైయరుకు ఆర్డరు పెట్టాను.

స్టీలు పెట్టె, వెనక ఫ్యాను, 35 నుంచి 80 డిగ్రీల దాకా పెట్టుకోవచ్చు. ట్రేల కంతలు మామిడి ఒరుగులకైతే సరిపోతాయి గానీ రాగులు జారిపోతాయి. నేను మల్లుగుడ్డ పరిచి పోస్తున్నాను.

మొదటి విడత తొందరపడి 80లో పెట్టాను. మూడు గంటల్లో గలగలా ఎండాయి. రెండో విడత 50లో రాత్రంతా, ఎనిమిది గంటలు. చూపుకు రెండూ ఒకటే. తేడా పొయ్యి దగ్గర తెలిసింది. గరిటె నిలబడేంత చిక్కగా జావ కాచి దించి, థర్మామీటరులో 65కి దిగేదాకా ఆగి, 50లో ఎండిన పిండి ఒక చెంచా కలిపాను. పది నిమిషాల్లో అదే జావ గరిటె మీద నుంచి ధారగా జారింది. నాలుక మీద వేసుకుంటే పంచదార లేకుండానే తీపి! 80లో ఎండిన పిండి కలిపిన గిన్నె మాత్రం గడ్డలాగే ఉండిపోయింది.

మొలకలో అమైలేజ్ అనే ఎంజైము తయారవుతుంది. పిండిపదార్థాన్ని చక్కెరలుగా విరగ్గొట్టేది అదే. తడి గింజకు పెద్ద వేడి తగిలితే ఆ ఎంజైము చచ్చిపోతుంది. బీరు కాచేవాళ్లు బార్లీ మాల్టును 65, 68 డిగ్రీల మధ్య వేడినీళ్లలో గంటసేపు ఉంచేదీ దీనికోసమే. వాళ్లు ఆ తీపినీళ్లను పులియబెడతారు, మనం జావను మళ్లీ ఒక పొంగు రానిచ్చి బిడ్డకు పెడతాం. పల్చనవుతుంది కాబట్టి అదే గిన్నెడు జావలో ఎక్కువ పిండి పడుతుంది, పసివాడు సులువుగా మింగుతాడు.

మా అత్తకు ఎనభై రెండేళ్లు. గిన్నె వంచి చూసి, "నీళ్లు కలిపినావా ఏందిమే?" అంది. "లేదత్తా, మొలకపిండే" అంటే నమ్మలేదు. ఒక గ్లాసు పోయించుకుని తాగింది. పళ్లు పోయాక సంగటి మానేసిన మనిషి, ఇప్పుడు పొద్దున్నే తనే అడిగి తాగుతుంది.

ఎండిన రాగుల్ని చేటలో పోసి అరచేత్తో నలిపితే తెల్లటి వేళ్లు ఊడి పొట్టులా తేలతాయి. వాటిని ఓపిగ్గా చెరిగెయ్యండి, ఉంటే పిండి చేదొస్తుంది.

డ్రైయరుతో పాటు చిన్న పిండిమర కూడా కొన్నాను, అది నాకు నచ్చలేదు. వీధి మరలో మనకంటే ముందు ఎవరన్నా మిరపకాయలు పట్టించుకుంటే ఆ ఘాటు మన పిండికి పడుతుందని కొన్నాను. ఇదేమో కిలో పట్టేసరికి పిండి చేతికి చురుక్కుమంటుంది. అరకిలో పట్టి పావుగంట ఆపాల్సిందే. మెత్తదనం కూడా వీధి మరంత రాదు, జల్లించుకోవాలి. చేతిలో డబ్బు ఒకదానికే ఉంటే డ్రైయరే కొనండి. వీధి మర నడిపే అతను పొద్దున్నే బియ్యం పట్టాక మీ రాగులు పొయ్యమంటే పోస్తాడు.

ఆరో నెలలో టైమరు పోయింది. వారంటీ ఉన్నా, ఏడుసార్లు ఫోను చేసినా నెలన్నర దాకా ఎవరూ రాలేదు. చంటిబిడ్డ తిండికి వాడే వస్తువు, అంత నిర్లక్ష్యం తప్పు. చివరికి మా వీధి ఎలక్ట్రీషియనే 350 రూపాయలు తీసుకుని కొత్తది వేశాడు. అప్పట్నుంచి ఇబ్బంది లేదు.

రాత్రంతా ఒక విడత ఆరితే మీటరు ఐదు యూనిట్ల దాకా తిరుగుతుంది. ఎండాకాలం దాని జోలికి పోను, గుడ్డ కప్పి మూల పెడతాను. అప్పుడు మిద్దె మీది ఎండే చాలు.