కసబ్‌కు కోర్టు, ఖాలిద్‌కు గ్వాంటనామో: ఏది మేలు?

2008 ముంబై దాడిలో పట్టుబడ్డ కసబ్‌కు జైల్లో బిర్యానీ పెడుతున్నారని అప్పట్లో ఊరూవాడా తిట్టుకున్నాం. ఆ బిర్యానీ కథ తానే అల్లానని ప్రాసిక్యూటర్ ఉజ్వల్ నికమ్ 2015లో ఒప్పుకున్నారు. అయినా ఆ కోపంలో ఒక ప్రశ్న ఉంది: 166 మందిని పొట్టనబెట్టుకున్న ముఠాలో వాడికి లాయరు, అప్పీలు దేనికి? అమెరికాలా, తీర్పు లేకుండా ఏళ్ల తరబడి బంధించే ఏ గ్వాంటనామో సైనిక జైల్లోనో పడేస్తే పోదా?

పడేస్తే ఏమవుతుందో ఖాలిద్ షేక్ మొహమ్మద్ కేసు చూడండి. 9/11 దాడుల సూత్రధారిగా చెప్పే ఇతను 2003 మార్చిలోనే రావల్పిండిలో దొరికాడు. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ రహస్య జైల్లో ముఖాన గుడ్డ కప్పి, ఊపిరాడకుండా నీళ్లు పోశారు. ఒకసారి కాదు, 183 సార్లు. తర్వాతి దాడిని ఆపాలంటే తప్పదన్నారు. ఆ పద్ధతి పనికిరాలేదని 2014లో అమెరికా సెనేట్ కమిటీయే తేల్చింది. పైగా గ్వాంటనామోకు తెచ్చాక, చిత్రహింసల మచ్చపడ్డ మాటలు సాక్ష్యంగా చెల్లుతాయా అన్న వాదనలతోనే ఏళ్లు గడిచాయి. ఇరవై ఏళ్లు దాటినా తీర్పు లేదు.

కసబ్ సంగతి వేరు. లాఠీతో ఎదురెళ్లిన ఏఎస్సై తుకారాం ఓంబ్లే తుపాకీ గొట్టం పట్టుకుని, తూటాలు ఒంట్లో దిగినా వదలకపోబట్టి ప్రాణాలతో చిక్కాడు. రైల్వే స్టేషన్‌లో తుపాకీతో తిరుగుతున్న ఫోటోలు, సీసీటీవీ, కళ్లారా చూసినవాళ్ల సాక్ష్యం అన్నీ జడ్జి ముందుకొచ్చాయి. సుప్రీంకోర్టు దాకా నడిచి, 2012 నవంబర్ 21న పుణెలోని ఎరవాడ జైల్లో ఉరి. నాలుగేళ్లు కూడా నిండలేదు. అదే కేసులో ఇద్దరు భారతీయుల మీద ఆధారాలు నిలవక వదిలేశారు. నన్నడిగితే ఉరి కన్నా ఇదే పెద్ద విషయం.

కాబట్టి నా ఓటు కోర్టుకే. అలాగని మన దగ్గర అంతా సవ్యంగా ఉందని కాదు. ముంబై దాడి జరిగిన మరుసటి నెలలోనే ఉగ్రవాద కేసుల్లో వాడే యూఏపీఏ చట్టాన్ని బిగించారు. చార్జిషీటు లేకుండా 180 రోజులు లోపల ఉంచొచ్చు, బెయిలూ గగనమే. దర్యాప్తు పక్కదారి పడితే జడ్జి మాత్రం ఏం చేస్తాడు? 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత పోలీసులు పట్టుకెళ్లిన హైదరాబాద్ కుర్రాళ్లు చివరికి నిర్దోషులుగా బయటపడ్డారు. కేసు సీబీఐకి, ఆపైన ఉగ్రవాద కేసులు చూసే జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏకి వెళ్లింది. 2018 ఏప్రిల్‌లో, విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ కోర్టు వదిలేసింది. ఆ బాంబు ఎవరు పెట్టారో ఇంతవరకు ఏ తీర్పూ చెప్పలేదు.