మణికట్టును కాల్చిన ఫిట్‌నెస్ బ్యాండ్

ద్వారకానగర్‌లో కొన్న ఈ బ్యాండ్ అడుగులనూ గుండె వేగాన్నీ చక్కగానే చూపింది. కానీ బీచ్ రోడ్డులో నడుస్తుండగా వేడెక్కి నా మణికట్టుపై బొబ్బలు లేపింది. ఇది చెమటకు వచ్చే దద్దురు కాదు, కాలిన గాయమేనని వైద్యులు రాసిచ్చారు. దుకాణదారు బ్యాండ్ మార్చి ఇస్తానన్నారే తప్ప గాయం ఊసే ఎత్తకపోవడం నన్ను ఎక్కువగా బాధించింది. బ్యాటరీ వేడెక్కి చర్మం కాలే ప్రమాదం ఉందనే 2022లో ఫిట్‌బిట్ తన అయానిక్ వాచీలను వెనక్కి తీసుకుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువు వల్ల గాయపడినవారు తయారీదారు నుంచి పరిహారం కోరుతూ, రెండేళ్లలోగా, తాము నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు; చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే రుసుము ఉండదు. బిల్లునూ గాయం ఫొటోలనూ భద్రపరచండి. ముఖ్య సాక్ష్యమైన ఆ బ్యాండును మాత్రం దుకాణానికి తిరిగి ఇవ్వకండి.