కర్ర పిడికి టేపా, ఫోమ్ తొడుగా?

అమ్మ మోకాళ్ల కోసం వాకింగ్ పోల్ కొన్నాం. తీరా ఇబ్బంది వేళ్ల దగ్గర వచ్చింది. కీళ్లవాతం కదా, సన్నటి పిడిని గట్టిగా పట్టుకోలేకపోయింది.

మొదట బ్యాడ్మింటన్ రాకెట్‌కు చుట్టే గ్రిప్ టేపు చుట్టాం. చవక, చెమటకు జారదు. కానీ పిడి పెద్దగా లావెక్కదు, వేళ్లు అంతే బిగించాలి.

ఫోమ్ తొడుగు వేశాక గుప్పిట పూర్తిగా ముడవాల్సిన పని తప్పింది, నొప్పీ తగ్గింది. చెమట పీల్చుకుని కంపు కొడుతుంది, ఉతకాలి (ఆ పని నాదే!). వదులైతే మాత్రం చేతిలో గిర్రున తిరుగుతుంది, అది ప్రమాదం.

చెమట చేతులకు టేపు చాలు. కీళ్ల నొప్పులకు నా ఓటు ఫోమ్‌కే. అలిపిరి 3,550 మెట్లు ఎక్కేవాళ్లు మణికట్టు పట్టీ ఉన్నది చూసుకోండి. చేతిని ఆ పట్టీలోకి కింది నుంచి దూర్చి పిడిని పట్టుకుంటే కొంత బరువు పట్టీ మీదే పడుతుంది.