లెర్మన్ పద్ధతి: ఔత్సాహికుల ఫోటోల మీద అభిప్రాయం చెప్పుకోవడానికి ఏళ్ల తరబడి వాడాక

లిజ్ లెర్మన్ నృత్య దర్శకురాలు, ఫోటోగ్రాఫర్ కాదు. ఇంకా తయారీలో ఉన్న కళాకృతి గురించి తోటివారు ఎలా మాట్లాడితే కళాకారుడికి మళ్లీ పనిలోకి దిగాలనిపిస్తుందో ఆలోచించి, 1990లో అమెరికాలో ఆమె ఒక పద్ధతిని రూపొందించారు. దాని పేరు క్రిటికల్ రెస్పాన్స్ ప్రాసెస్. నృత్యం కోసం పుట్టిన ఆ పద్ధతి తర్వాత నాటకానికీ, రచనకూ, తరగతి గదికీ పాకింది. రాజమహేంద్రవరంలో మేం కొందరం నెలకోసారి కూర్చుని ఒకరి ఫోటోలు ఒకరం చూసుకుంటాం. బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, ఫోను తప్ప వేరే కెమెరా లేని డిగ్రీ విద్యార్థులు, పదవీ విరమణ తర్వాత మొదటి కెమెరా కొనుక్కున్న పెద్దలు వస్తారు. చాలా ఏళ్లుగా మేం వాడుతున్నది లెర్మన్ పద్ధతే. ఇన్నాళ్లు వాడాక అందులో ఏది నిలిచిందో, ఏది మార్చుకోవాల్సి వచ్చిందో రాస్తున్నాను.

పద్ధతి చెప్పడానికి తేలికే. ఫోటో తీసినవారు ఒకరు, చూసి స్పందించేవారు కొందరు, మాటలు దారి తప్పకుండా నడిపించేవారు ఒకరు. మెట్లు నాలుగు. ముందుగా, చూసినవారు ఆ ఫోటోలో తమ కంటికీ మనసుకూ తగిలింది ఏమిటో చెబుతారు. తర్వాత తీసినవారు తమకున్న సందేహాలు అడుగుతారు. మూడో మెట్టులో చూసినవారు ప్రశ్నలు వేస్తారు, అయితే ఆ ప్రశ్నలో తీర్పు దాగి ఉండకూడదు. చివరిది అభిప్రాయాల వంతు. అప్పుడు కూడా నేరుగా చెప్పేయకూడదు, ‘ఫలానా విషయం మీద నాకో అభిప్రాయం ఉంది, చెప్పమంటారా?’ అని అడగాలి. వద్దంటే ఊరుకోవాలి.

ఈ పద్ధతి రాకముందు మా దగ్గర రెండే రకాల మాటలు వినిపించేవి. ఒకటి ‘చాలా బాగుంది’. రెండోది ‘నీటి గీత వంగింది, మనిషిని మధ్యలో పెట్టకూడదు, ఆకాశం ఎక్కువైంది’ అనే నియమాల చిట్టా. మొదటి మాటతో తీసినవారికి ఏమీ తెలియదు. రెండోది విన్నవెంటనే వారు సంజాయిషీలోకి దిగేవారు: ఆ రోజు మబ్బు పట్టింది, జనం తోసుకుంటున్నారు, బ్యాటరీ అయిపోతోంది. ఫోటో పక్కకు పోయి మనుషులు ఎదురెదురుగా నిలబడేవారు. ఒకసారి అలా జరిగాక మళ్లీ రాని వాళ్లున్నారు. వారిలో మంచి చూపున్నవారు కూడా ఉన్నారన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

నాలుగింటిలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది మొదటి మెట్టే. ఒక విద్యార్థి కార్తీక మాసంలో తెల్లవారుజామున పుష్కర ఘాట్‌లో తీసిన ఫోటో తెచ్చాడు. ఒక పెద్దావిడ అరటి దొప్పలో దీపం పెట్టి గోదావరిలో వదులుతోంది. అతను తీసింది దీపం కోసం. చూసినవారిలో ఒకరు తడిసిన చేయి గురించి చెప్పారు, మరొకరు గాజుల మీద నీటి చుక్కల గురించి, ఇంకొకరు వెనక దూరంగా వెలుగుతున్న వంతెన దీపాల గురించి. దొప్పలో దీపం ఎవరి నోటా రాలేదు. ఎవరూ తప్పు పట్టలేదు, సలహా ఇవ్వలేదు. అయినా అతనికి కావలసింది అందింది: దీపం ఫ్రేములో మరీ చిన్నదైంది, వెనక వెలుగులు దానికన్నా ప్రకాశంగా ఉండి కంటిని లాగేసుకున్నాయి. మరుసటి నెల అతను తెచ్చిన ఫోటోలో కెమెరా నీటి మట్టానికి దిగింది, వెనక అంతా చీకటి, దొప్ప ముందుకు వచ్చింది.

ఫోటో తీసినవారికి ఆ ఉదయం చలి గుర్తుంటుంది, అగరుబత్తి వాసన గుర్తుంటుంది, ఎంతసేపు కాచుకున్నారో గుర్తుంటుంది. అవేవీ కాగితం మీదికి రావు. ఏవి వచ్చాయో, ఏవి రాలేదో తీసినవారు తమంతట తాము తెలుసుకోలేరు. వేరేవాళ్ల కళ్లతో మనకు అవసరమున్నది ముఖ్యంగా ఇక్కడే. అందుకే మొదటి మెట్టులో కన్ను ప్రయాణించిన వరుసనే చెప్పమంటాం: ముందు ఏది కనిపించింది, తర్వాత ఎటు వెళ్లింది, ఎక్కడ ఆగింది. ‘బాగుంది’ అని ఎవరైనా అంటే నడిపేవారు ‘ఏది?’ అని అడుగుతారు. మొదట్లో ఆ ప్రశ్నకు చాలామంది తడుముకునేవారు. ఇప్పుడు కొత్తగా వచ్చినవారు కూడా పక్కవారిని చూసి త్వరగానే అలవాటు పడుతున్నారు.

రెండో మెట్టు అనుభవం లేనివారి దగ్గర కుంటుతుంది. ‘ఎలా ఉంది?’ అన్నది తప్ప వారికి మరో ప్రశ్న తోచదు. మేం చేసిన మార్పు చిన్నదే. ఇంటి దగ్గరే ప్రింటు వెనక పెన్సిలుతో ఒక ప్రశ్న రాసుకుని రమ్మంటున్నాం. ‘ఎడమవైపు పడవ ఉండాలా, అక్కర్లేదా?’ ‘ఈమె అలసిపోయినట్టుందా, అలిగినట్టుందా?’ ఇలాంటివి వస్తున్నాయి. ప్రశ్న రాయడానికి కూర్చున్నప్పుడు ఫోటోను మళ్లీ చూస్తారు కదా, సగం పని అక్కడే అవుతుంది.

మూడో మెట్టు కష్టం. మన నోటికి వచ్చే ప్రశ్నల్లో చాలావరకు ప్రశ్న వేషంలో ఉన్న మందలింపులే. ‘ముఖం ఇంత నల్లగా ఎందుకు వచ్చింది?’ అంటే ఎదుటివారు తలదించుకుంటారు. ‘వెలుగు ఏ వైపు నుంచి వచ్చింది? కెమెరా వెలుగును దేని మీద కొలిచింది?’ అంటే ఆలోచనలో పడతారు. ఒకాయన కొల్లేరు దగ్గర ఆటపాకలో తీసిన తెల్ల కొంగల ఫోటో తెచ్చారు. కొంగలన్నీ బూడిద రంగులో ఉన్నాయి. ‘కెమెరా చూపించిన ఎక్స్‌పోజర్‌నే ఉంచారా, మార్చారా?’ అని ఒకమ్మాయి అడిగింది. ఎక్స్‌పోజర్ అంటే ఫోటోలోకి తీసుకునే వెలుగు మోతాదు. మార్చలేదన్నారు. కెమెరా మీటరు తన ముందున్న దృశ్యాన్ని సగటు బూడిద రంగుగా భావించి లెక్క వేస్తుంది. ఫ్రేము నిండా తెలుపు ఉంటే దాన్ని తగ్గించి మసకబారుస్తుంది. అలాంటప్పుడు ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాపు వరకు, అంటే వెలుగు రెట్టింపయ్యేంత వరకు, పెంచి చూడాలి. ఈ సంగతి ఆయన తెలియక కాదు, ఆ క్షణంలో తట్టక వదిలేశారు. ప్రశ్న వినగానే జవాబు ఆయనే చెప్పేశారు.

ఇలాంటి ప్రశ్న సలహా ఇవ్వబోయేవారిని కూడా ఆపుతుంది. అదే పక్షుల వరుసలో ఒక ఫోటోలో రెక్కలు చెదిరిపోయినట్టుగా ఉన్నాయి. ఎగిరే పక్షికి సెకనులో 1/1000 వంతు, అంతకన్నా వేగమైన షట్టరు వాడాలని అందరికీ తెలిసిన పాఠమే. ఆ పాఠం చెప్పడానికి నలుగురు సిద్ధంగా ఉన్నారు. ‘ఈ షట్టరు వేగం ఏమనుకుని ఎంచుకున్నారు?’ అని అడిగితే, రెక్కల ఊపు కనిపించాలని కావాలనే నెమ్మదిగా, సెకనులో 1/60 వంతు పెట్టానన్నారాయన. అప్పుడు మాట మారింది. ఊపు వచ్చింది, మరి పక్షి కన్ను కూడా చెదిరింది కదా, తల నిలిచేలా కెమెరాను పక్షితో పాటు ఎలా తిప్పాలన్న దాని మీద మంచి చర్చ నడిచింది.

తెలుగువాళ్ల మధ్య ఈ మూడో మెట్టు మరో మేలు చేస్తుంది. మన దగ్గర ఇరవై ఏళ్ల పిల్ల అరవై ఏళ్ల పెద్దాయనతో ‘ఇది కుదరలేదు’ అనలేదు. ‘మాస్టారూ, ఈ కరెంటు స్తంభం ఫ్రేములో ఉండాలని ముందే అనుకున్నారా?’ అని మాత్రం అడగగలదు. ఆయనా నొచ్చుకోకుండా జవాబు చెప్పగలరు. ఇద్దరి మర్యాదా నిలుస్తుంది, స్తంభం గురించి మాట్లాడటమూ అయిపోతుంది.

నాలుగో మెట్టు మాత్రం ఉన్నది ఉన్నట్టుగా మా దగ్గర పనిచేయలేదు. వద్దనే హక్కు తీసినవారిదని లెర్మన్ స్పష్టంగా పెట్టారు. కానీ పెద్దవారు ‘చెప్పమంటావా అబ్బాయీ?’ అంటే వద్దండీ అనగలిగే కుర్రవాడు ఉంటాడా? అనుమతి మొక్కుబడి అయిపోయింది. అందుకని ఇప్పుడు అభిప్రాయం ఉన్నవారు పేరు రాయకుండా, విషయం మాత్రం చీటీ మీద రాసి నడిపేవారికి ఇస్తారు: ‘కింది భాగం’, ‘రంగులు’, ‘నలుపు తెలుపులోకి మార్చడం’. తీసినవారు చీటీలు చూసి తమకు కావలసినవి తీసుకుంటారు, మిగతావి బల్ల మీదే ఉండిపోతాయి. ఈ మార్పు తర్వాతే చిన్నవాళ్లు నిజంగా కొన్నింటిని వద్దనడం చూశాను. అది చూసి నాకు సంతోషం కలిగింది.

క్రాప్, అంటే ఫోటో అంచులు కోసి ఫ్రేము మార్చడం గురించిన అభిప్రాయాలకు మాటలే అనవసరం. పాత క్యాలెండరు అట్టను కోసి, ఒక వైపు నల్ల కాగితం అంటించి, మూలమట్టం ఆకారంలో రెండు ముక్కలు చేసుకున్నాం. వాటిని ప్రింటు మీద ఎదురెదురు మూలల్లో పెట్టి జరిపితే ఫ్రేము ఎక్కడ తెగితే ఎలా ఉంటుందో అందరికీ ఒకేసారి కనిపిస్తుంది. ఇది పాత ప్రింటింగ్ రోజుల నాటి పనిముట్టే. 8×12 అంగుళాల ప్రింటు మీద హాయిగా పనిచేస్తుంది. ఫోను తెర మీద వేలితో క్రాప్ చేసి చూపిస్తే పక్కనున్న ఒక్కరికే కనిపిస్తుంది, పైగా తీసివేసిన భాగం కళ్ల ముందు ఉండదు. ప్రింటు ఖర్చు అందరూ భరించలేరు కాబట్టి ఆ ఖర్చు అందరం కలిపి పెట్టుకుంటాం.

ఇక లోపాలు. పద్ధతి చాలా సమయం తీసుకుంటుంది. ఒక ఫోటోకు ఇరవై నిమిషాలు పట్టడం మామూలే, ఒక్క పూటలో ఏడెనిమిదికి మించి చూడలేం. అంతకన్నా పెద్ద లోటు, స్పష్టమైన సాంకేతిక లోపాల విషయంలో అది చుట్టు తిప్పుతుంది. సెన్సరు మీద దుమ్ము మచ్చ ఉంటే, ఫోకస్ కంటి మీద కాకుండా చెవి మీద పడితే, వాట్సాప్‌లో వచ్చిన కుదించిన ఫైలు నుంచి ప్రింటు తీయించి ఉంటే, దానికి నాలుగు మెట్లు ఎక్కాల్సిన పని లేదు. కడియం నర్సరీల్లో బంతిపూలు తీసిన ప్రతివారి ఫోటోలోనూ దాదాపు ఒకే లోపం ఉంటుంది: పసుపు, నారింజ రంగులు ముద్దకట్టి రేకుల గీతలు కనిపించవు. కెమెరా నమోదు చేసే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లలో ఎరుపు మిగతావాటికన్నా ముందే నిండిపోతుంది, వెలుగు నీడల పంపకాన్ని గ్రాఫుగా చూపే మామూలు హిస్టోగ్రామ్‌లో ఆ సంగతి ఒక్కోసారి తెలియదు. మూడు రంగుల హిస్టోగ్రామ్ చూసి కాస్త తగ్గించి తీయమని సూటిగా చెప్పేయాలి. ఇలాంటివన్నీ సభ మొదలయ్యే ముందే, టీ తాగుతూ ఒక్కొక్కరితో మాట్లాడేస్తాం. అప్పుడు నలుగురిలో చెప్పించుకున్నామన్న చిన్నతనం కూడా ఉండదు.

పోటీలకు వెళ్లేవారికి ఇది సరిపోదు. అక్కడ న్యాయనిర్ణేతలు ఫోటోను కొద్ది సెకన్లు చూసి మార్కులు వేస్తారు. తీసినవారి ఉద్దేశం అడగరు. 1853లో లండన్‌లో మొదలైన రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఇచ్చే లైసెన్షియేట్ గుర్తింపుకైతే 10 ఫోటోలను ఒక వరుసగా చూస్తారు, అంటే ఎంపికా, కూర్పూ కూడా పరీక్షే. వీటికి వేరే సాధన కావాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టిన లోటు ఇంకొకటి. ఈ పద్ధతిలో తీసినవారు ఉన్నారు, చూసేవారు ఉన్నారు, ఫోటోలో ఉన్న మనిషి లేరు. నృత్యంలో ఆ ప్రశ్న ఇలా రాదేమో, ఘాట్ల దగ్గర తిరిగే మాకు మాత్రం ప్రతిసారీ వస్తుంది. స్నానం చేసి తడి బట్టలతో మెట్లెక్కుతున్న స్త్రీ, మెట్ల మీద నిద్రపోతున్న యాచకుడు, పిండం పెడుతూ ఏడుస్తున్న కొడుకు. వెలుగూ, కూర్పూ ఎంత కుదిరినా వాటి గురించి మాత్రమే మాట్లాడి లేచిపోవడం నాకు సరికాదనిపిస్తుంది. అందుకే మూడో మెట్టులో ఒక ప్రశ్నను తప్పనిసరి చేశాం: ‘ఇందులో ఉన్నవారికి ఈ ఫోటో చూపించారా?’ లేదన్నంత మాత్రాన ఎవరినీ నిలదీయం. అయితే ఆ ప్రశ్న వస్తుందని తెలిశాక చాలామంది తీసిన వెంటనే కెమెరా తెర తిప్పి చూపించడం మొదలుపెట్టారు. కొందరు ప్రింటు కూడా తీసుకెళ్లి ఇస్తున్నారు. వాళ్ల తర్వాతి ఫోటోల్లో అదే మనిషి మరింత దగ్గరగా, మరింత నిబ్బరంగా కనిపించడం గమనించాను.

సమూహం లేనివారు, ఇద్దరే ఉన్నవారు మొదటి, మూడో మెట్లతో మొదలుపెట్టవచ్చు. నడిపేవారు అక్కర్లేదు, చీటీలూ అక్కర్లేదు. నేను మా అక్క కూతురి ఫోటోలను అలాగే చూస్తాను. వాట్సాప్ సమూహంలో మాత్రం ప్రయత్నించకండి. మొదటి వ్యక్తి రాసింది చదివాక తక్కినవారి కన్ను కూడా అక్కడికే పోతుంది, విడివిడిగా ఎవరు ఏం చూశారన్నది ఇక తెలియదు. తప్పనిసరైతే ఎవరికి వారు తీసినవారికే విడిగా రాసి పంపాలి, అందరివీ వచ్చాకే వాటిని సమూహంలో పెట్టాలి.